నల్ల పులుసు

మంగ చేతిలోంచి గ్లాసు జారిపడటం ఆ వారంలో అది మూడోసారి. మొదటి రెండుసార్లూ తవిటమ్మ "పోనీలెద్దూ, నీళ్లే కదా" అని ఊరుకుంది. మూడోసారి ఆమె గ్లాసు వంక చూడలేదు, కూతురి మణికట్టు వంక చూసింది. అది నిలబడటం లేదు. నీళ్లు అందని తోటకూర కాడలా కిందికి వాలిపోయి ఉంది.

"సెయ్యి నా మాట ఇనట్లేదమ్మా," అంది మంగ నవ్వబోతూ.

మంగకి ఏడో నెల. నిరుడు ఇదే ఇంట్లో, ఎనిమిదో నెలలో, కడుపులోనే బిడ్డ కదలిక ఆగిపోయింది. ఆ సంగతి తల్లీకూతుళ్లిద్దరూ ఎత్తరు. ఎత్తకపోతే మాత్రం ఎక్కడికి పోతుంది? వాళ్లిద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చునే ఉంటుంది.

కొండగెడ్డవలసకి తవిటమ్మ ఆశా కార్యకర్త. ఊరందరికీ ఆశమ్మ. ఎవరికి నెల తప్పిందో, ఎవరు ఐరన్ మాత్రలు మింగకుండా గోడవతల పారేస్తున్నారో పద్నాలుగేళ్లుగా ఆమెకే ముందు తెలుస్తుంది. అలాంటి మనిషికి ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. రెండేళ్లలో ఊళ్లో ఆరు కడుపులు నిలవలేదు. పదకొండుమంది ఆడవాళ్లకి చేతులు వాలిపోయాయి. ఒంట్లో రక్తం ఉండదు, కడుపులో తాడు పేనినట్టు నొప్పి. పట్నంలో డాక్టర్లు రక్తం తీసి చూసి, ఒంట్లో సీసం ఉందన్నారు. ఎక్కణ్నించి వచ్చిందయ్యా అంటే నీళ్లన్నారు, మట్టన్నారు, గోడల రంగులన్నారు. అన్నీ సీసాల్లో పోసుకుని వెళ్లి, ఆనక వీటిలో ఏమీ లేదన్నారు. మందు వాడితే తగ్గుతుంది, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తింటే మళ్లీ మొదలు. శత్రువు పేరు చెప్పి ఇల్లు చెప్పకపోతే ఏం ప్రయోజనం? రోజూ పక్కనే కూర్చుంటున్నాడేమోనని భయం తప్ప.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ పెట్టె.

విశాఖపట్నంలోని ఓ పరిశోధనాలయం నుంచి డాక్టర్ వకుళ దాన్ని జీపులో తన ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ప్రెషర్ కుక్కరంత ఉంటుంది. పక్కన సన్నటి చీలిక, పైన రెండు దీపాలు. కాగితాల్లో దాని పేరు మూలాన్వేషిణి. ఊరికి నోరు తిరగలేదు. దాని గొంతులోంచి వచ్చే మాటల్లో సగం "ఎందుకు" అన్నదే కాబట్టి రెండో రోజుకల్లా దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టేశారు. మూడో రోజుకి ఎవరో బొట్టు కూడా పెట్టారు. వకుళ తుడవబోతే ఆడవాళ్లు ఒప్పుకోలేదు.

"వెంట్రుక నెలకి అర అంగుళం పెరుగుతుంది తవిటమ్మ గారూ," అంది వకుళ, ఆరోగ్య ఉపకేంద్రంలో బల్ల మీద పెట్టెను సర్దుతూ. "ఆ నెల ఒంట్లో ఏముంటే అది వెంట్రుకలో రాసుకుంటుంది. ఈ పెట్టె దాన్ని చదివి ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు మీరు ఊళ్లో వెతికి తేవాలి. వెంట్రుకల్లో రాసి ఉన్నదానితో ఆ జవాబు సరిపోతే పచ్చదీపం. సరిపోకపోతే ఎర్రదీపం. పచ్చదీపం వెలిగాక మళ్లీ ఎందుకు అంటుంది."

"ఎందాకా అడుగుతాదండీ?"

"మనిషి తన చేత్తో దిద్దుకోగలిగిన కారణం దొరికేదాకా. తెలియదు అన్నా, మూడు రోజులు జవాబు ఇవ్వకపోయినా అక్కడితో ఆపేస్తుంది. అప్పటిదాకా దొరికిన కారణాన్నే మూలం అని పై ఆఫీసుకి పంపేస్తుంది." వకుళ పెట్టె మీద చెయ్యి వేసింది. "ఇంకోమాట. ఇది కారణం వెతుకుతుంది, అంతే. దొరికిన కారణంతో జనం ఏం చేస్తారో దీనికి తెలియదు. చేసిన మాకూ తెలియదు. కిందటిసారి ఒక ఊళ్లో..." అని మాట మింగేసింది.

తవిటమ్మ అడగలేదు. ఆమె కంటికి మంగ మణికట్టు తప్ప ఇంకేమీ ఆనడం లేదు. అప్పుడే అడిగి ఉండవలసింది.

వారం రోజులు ఊళ్లోని ఆడవాళ్లంతా వరసకట్టి వెంట్రుకలిచ్చారు. పెట్టె ఒక్కొక్కదాన్నే చీలికలోకి లాక్కుని, నెమరు వేసినట్టు నెమ్మదిగా చదివింది. అందరి వెంట్రుకల్లోనూ ఒకటే మెట్లవరస. ఏటా మాఘమాసంలో సీసం ఒక్కసారిగా పైకి లేస్తుంది, తరవాత మెల్లగా దిగుతుంది, మళ్లీ మాఘం వచ్చేసరికి లేస్తుంది.

"మొదలు కనబడలేదు," అంది పెట్టె. "ఇంకా పాత వెంట్రుక కావాలి."

ఎక్కడ తెస్తారు? అయిదేళ్ల కిందట తుఫాను తప్పిపోయిందని ఊరు ఊరంతా, ఆడా మగా, సింహాచలం వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చింది. అంతకంటే పాత వెంట్రుక ఊళ్లో ఎవరి నెత్తి మీదా లేదు. దేవుడి మొక్కు దేవుడు తీసుకున్నాడు, దాంతోపాటు సాక్ష్యమూ పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని తవిటమ్మ మంగకి జడ వేస్తోంది. మంగ చేతులు తల దాకా లేచి వారం దాటింది. దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకల్ని తీసి, వేలికి చుట్టి, అలవాటు ప్రకారం చూరులో దోపబోయి తవిటమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏటమ్మా?"

"నీ పెళ్లికి సేయించిన సవరం ఎక్కడున్నాది?"

"ట్రంకుపెట్లోనే. అదెందుకిప్పుడు?"

ఆ సవరం తవిటమ్మ జుట్టుతో చేయించినదే. ఊళ్లో ఏ ఆడదీ రాలిన వెంట్రుక పారేయదు. వేలికి చుట్టి చూరులో దాస్తుంది, కూతురి పెళ్లినాటికి సవరం కట్టిస్తుంది. తలనీలాలకి ముందు ఎనిమిది తొమ్మిదేళ్ల పాటు రాలిన జుట్టంతా అందులో ఉంది. తవిటమ్మ ట్రంకుపెట్టె తెరిచి, పైనున్న శాలువా పక్కకి నెట్టి, సవరం చేతిలోకి తీసుకుంది.

ఎందుకమ్మ రెండు రోజులు ఆ సవరాన్ని చదివింది. ఒకదాని చివరని ఇంకోదాని మొదటితో అతుకు కలుపుకుంటూ అరవై వెంట్రుకలు దాటాక ఒకటి దొరికింది. సగం శుభ్రంగా ఉంది. సగంలో సీసం ఉంది.

"ఏడేళ్ల కిందట మాఘమాసంలో మొదలైంది," అంది పెట్టె. "ఏటా మాఘంలో ఈ ఊళ్లోకి వస్తున్నది ఏమిటి?"

మాఘంలో వచ్చేది ఏమిటో పసిపిల్లనడిగినా చెబుతుంది. కళాయి దాలయ్య వస్తాడు. బడి గోడ పక్కన గొయ్యి తవ్వి, తిత్తి బిగించి, ఇత్తడి గిన్నెలు ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరపు కడ్డీ గీసి గుడ్డతో రుద్దుతాడు. తెల్లటి పొగ లేస్తుంది. గిన్నె లోపల వెండిలా మెరుస్తుంది. తాత నాటినుంచీ వస్తున్నవాడు. పది రోజులుగా అక్కడే ఉన్నాడు కూడా.

వకుళ తవిటమ్మ ఇంట్లో పులుసు కాచే తపేలా లోపల కాస్త గీరి, ఆ పొడిని పెట్టెలో వేసింది. పచ్చదీపం వెలిగింది. చింతపండు పులుసు మరుగుతున్నప్పుడల్లా కళాయిలోని సీసం కరిగి కంచంలోకి వస్తోంది.

"కళాయిలో తగరం ఉండాలి. సీసం ఎందుకు ఉంది?" అంది పెట్టె.

ఉపకేంద్రం కిటికీకి తలుపుల్లేవు. పెట్టె మాట ఇక్కడ పూర్తయ్యేసరికి ఊళ్లో సగం దూరం వెళ్లిపోయింది. తవిటమ్మ బడి దగ్గరకి పరుగులాంటి నడకతో వెళ్లేసరికి తిత్తి చీలి ఉంది, గొయ్యిలో మట్టి పోసేశారు. దాలయ్యని పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టారు. పెళ్లాం రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న పైలయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పోలీసులకి అప్పసెప్పేత్తాం ఆశమ్మా. ఆ పెట్టె కాయితం రానీ."

"నన్ను అడగనీ. ఎందుకమ్మ అడగమన్నాది," అంది తవిటమ్మ. ఆ పేరు చెబితే పైలయ్య కూడా పక్కకి తప్పుకున్నాడు.

దాలయ్య తల ఎత్తలేదు. "మా తాత కాడ్నించీ తగరమే పూసినాం తల్లీ. ఎప్పుడూ ఆరిళ్లో ఏడిళ్లో. సంచీలో కడ్డీ సరిపోయేది. ఆ యేడు నానొచ్చేసరికి ఊరు ఊరంతా అటకల మీంచి ఇత్తడి దింపీసి నా పొయ్యి కాడ వరసకట్టినారు. కడ్డీ అయిపోనాది. టవున్లో షాపోడు కొత్తరకం కడ్డీ ఇచ్చినాడు. బేగి కరుగుతాది, అద్దం నాగ మెరుస్తాది. మంచిదే అనుకున్నాను. అప్పటినుంచీ అదే తెస్తన్నాను. మా ఇంటి గిన్నెలకీ అదే పూసినాను."

చేతులు ఎత్తి చూపించాడు. రెండు మణికట్లూ మంగ మణికట్టు కంటే ఘోరంగా వాలిపోయి ఉన్నాయి. ఈ ఏడు గుడ్డతో రుద్దే పని అతని భార్య చేస్తోందని తవిటమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అందరి చేతులూ చూసే ఆశమ్మ, ఈ ఊరివాడు కాదని ఇతని చేతులు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ యేడే ఊరంతా ఇత్తడి ఎందుకు దింపింది అని అడగబోయి ఆమె నోరు మూసుకుంది. దాలయ్యకి తెలియకపోవచ్చు. ఆమెకి తెలుసు.

ఏడేళ్ల కిందట మండలంలో శిక్షణ పెట్టారు. ఆడవాళ్లకి రక్తం తక్కువ, ఇనప మూకుట్లో పులుసు కాచుకుంటే మంచిది అని చెప్పి ఇంటికొక మూకుడు ఇచ్చారు. తవిటమ్మ నెత్తిన మోసుకుంటూ తిరిగి పంచింది. నెల తిరక్కుండానే మూకుళ్లన్నీ కోళ్లకి నీళ్లు పెట్టే తొట్లయ్యాయి. ఇనప మూకుట్లో పులుసు నల్లబడుతుంది, నాలిక్కి ఇనుము తగులుతుంది. "మా ఇంట్లో ఎవులూ ముట్టట్లేదు ఆశమ్మా," అని ఒకటే పాట. మర్నాడు పై అధికారి చూడటానికి వస్తుందనగా తవిటమ్మ ఆడవాళ్లని కూర్చోబెట్టి, "సరే, ఇనుము వొద్దంటే మానీండి. అటక మీద మీ అత్తల నాటి ఇత్తడి లేదేటి? అదీ మంచిదే. కళాయి పూయించి అందులో వొండుకోండి," అంది. ఆమెకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. తన నోటివెంట వస్తుంటే తనకే బావుంది, అంతే. పద్నాలుగేళ్లలో ఊరంతా ఒక్కసారిగా ఆమె మాట విన్నది అదొక్కటే. ఊరి చేత మాట వినిపించిందని మండలంలో శాలువా కూడా కప్పారు. మొన్న సవరం కోసం పక్కకి నెట్టింది ఆ శాలువానే.

దాలయ్య మాటలు పెట్టెకి చెబితే పచ్చదీపం వెలిగింది.

"ఏడేళ్ల కిందట ఊరంతా ఒకేసారి ఇత్తడికి ఎందుకు మారింది?"

వకుళ కలం పట్టుకుని తవిటమ్మ వంక చూసింది. తవిటమ్మ గోడ మీద టీకాల పట్టిక వంక చూసింది. "కనుక్కుంటానండీ," అంది.

పెట్టె ఇచ్చిన గడువు మూడు రోజులు. తెలియదు అని ఒక్క మాట అంటే చాలు, మూలం దాలయ్య దగ్గర ఆగిపోతుంది. అతనెలాగూ పూశాడు, అబద్ధం కాదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పైకి వెళ్లే కాగితంలో తవిటమ్మ అన్న పేరుండదు. ఉద్యోగం సంగతి సరే, అది పోతే పోనీ. నిరుడు పోయిన బిడ్డ ఎవరి మాట వల్ల పోయిందో మంగకి తెలియకుండా ఉంటుంది. ఆమెకి కావలసింది అదొక్కటే.

ఇంట్లో ఇత్తడి తపేలాలన్నీ గోతాంలో కట్టేసి, ఇరుగుపొరుగుకి కూడా మానెయ్యమని చెప్పింది. రెండో రోజు పొద్దున్న మంగ గోతాం వంక చూసి అంది.

"ఇంకో కళాయోణ్ని పిలిపిత్తన్నారంట. ఈసారి పార్వతీపురం నుంచంట. మన తపేలాలు కూడా పూయించేద్దామా?"

"వొద్దు. ఇత్తడి వొద్దే మనకి."

"అదేటమ్మా, దాలయ్య పూత చెడ్డది గానీ ఇత్తడేటి సేసింది? ఇత్తడి మంచిదని ఊరందరికీ సెప్పింది నువ్వు కాదేటి?"

తవిటమ్మ మధ్యాహ్నం నాలుగిళ్లు తిరిగింది. నాలుగిళ్లలోనూ అదే మాట. కొత్తవాడు కూడా ఆ షాపులోనే కడ్డీ కొంటే? ఎవరు చూడొచ్చారు? వచ్చే మాఘానికి మళ్లీ మెట్టు లేస్తుంది. దాలయ్య జైల్లో ఉంటాడు, ఊరు పులుసు తింటూనే ఉంటుంది. తను అన్న మాటని తను వెనక్కి తీసుకోనంతవరకు ఆ మాట ఇంటింటా పొయ్యి మీద ఉడుకుతూనే ఉంటుంది. వెనక్కి ఎందుకు తీసుకుంటున్నావు అంటే కారణం చెప్పాలి. చెబితే మంగ వింటుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఉపకేంద్రం వరండా నిండిపోయింది. పైలయ్య దాలయ్యని రెక్క పట్టుకుని తెచ్చాడు. మంగ రక్తపోటు చూపించుకోవడానికి వచ్చి, లోపల బల్ల చివర కూర్చుంది. ఆమెను ఇంటికి పొమ్మని చెప్పడానికి తవిటమ్మకి ఏ వంకా దొరకలేదు.

"గడువు ఇంకో పావుగంట ఉంది," అంది వకుళ మెల్లగా. "తెలియదని పెట్టెయ్యనా తవిటమ్మ గారూ?"

"పెట్టీండమ్మా, ఆడే మూలం," అన్నాడు వరండాలోంచి పైలయ్య.

తవిటమ్మ కూతురి వంక చూసింది. మంగ ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని పొట్ట మీద ఆనించుకుని ఉంది, జారిపోతుందేమోనని.

"తెలుసు," అంది తవిటమ్మ. పెట్టె దగ్గరకి వచ్చి దాని బొట్టు వంక చూస్తూ చెప్పింది. "ఆ యేడు మాఘానికి ముందు ఇత్తడి వోడమని నాను సెప్పినాను. ఇనుమని సెప్పమన్నారు. ఎవులూ ఇనలేదని నానే మార్చీసి ఇత్తడన్నాను. నాకు ఎవులూ సెప్పలేదు, నా సొంత కయిత్వం. దాలయ్య కడ్డీ అయిపోయేటట్టు సేసింది నానే."

పచ్చదీపం వెలిగింది. వకుళ చేతిలో కలం కదలలేదు.

"ఎందుకు మార్చావు?" అంది పెట్టె.

"ఒక్కసారైనా నా మాట ఇంటారని."

ఈసారి ఏ దీపమూ వెలగలేదు. అది నిజమో కాదో చెప్పే వెంట్రుక ఆ పెట్టెలో లేదు. చాలాసేపు లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు చేసి, చివరికి "దిద్దవచ్చు" అంది. తరవాత ఇంకేమీ అడగలేదు.

ఎవరూ అరవలేదు. అరిస్తే బావుండేది. పైలయ్య దాలయ్య రెక్క వదిలేసి, క్షమించమని అనడానికి నోరు రాక, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. దాలయ్య గడప దగ్గర ఆగి, "నాకేటి తెలీదని నువ్వన్నా నమ్మినావు తల్లీ," అన్నాడు. ఆ మాట తవిటమ్మకి తిట్టు కంటే ఎక్కువ తగిలింది. మంగ లేచి, ఎవరి వంకా చూడకుండా, గోడ పట్టుకుని నడిచి ఇంటికి వెళ్లిపోయింది.

జీపు ఎక్కుతూ వకుళ తవిటమ్మ చేతులు పట్టుకుంది. "దాలయ్య గారిని నాతో తీసుకెళ్తున్నాను, వైద్యానికి. కిందటి ఊళ్లో ఎవరూ మీలా ముందుకి రాలేదు. అక్కడ పెట్టె ఆగిన చోట ఉన్న మనిషిని ఊరు బతకనివ్వలేదు." ఎందుకమ్మ ఆమె ఒళ్లో, బొట్టుతో అలాగే వెళ్లిపోయింది.

విచారణ తేలేదాకా పని మానెయ్యమని తవిటమ్మకి కాగితం వచ్చింది. ఆమె పని మానలేదు. పొద్దున్నే బయల్దేరి ఇంటింటికీ వెళ్లి, గుమ్మం బయట నిలబడి, ఇత్తడి వొద్దు, నాను తప్పు సెప్పినాను అని చెప్పి వచ్చింది. కొందరు తలుపు వేసేశారు. కొందరు విన్నారు. పైలయ్య పెళ్లాం ఆమె ముఖం మీదే తపేలా వీధిలోకి విసిరికొట్టింది. తవిటమ్మ దాన్ని తీసి గోతాంలో వేసుకుంది.

మంగ తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు. మందులు వేళకి వేసుకుంది, పెట్టింది తింది, గోడ వైపు తిరిగి పడుకుంది. కూతురు తిడితే పడదామని తవిటమ్మ ఎదురుచూసింది. మంగ ఆ పాటి దయ కూడా చూపలేదు.

పదో రోజు మధ్యాహ్నం తవిటమ్మ ఊరంతా తిరిగి ఇల్లు చేరేసరికి పెరట్లో కోళ్లు నీళ్లకి గోలపెడుతున్నాయి. తొట్టి లేదు. లోపల పొయ్యి మీద ఇనప మూకుడు ఉంది, తుప్పంతా పోయేలా తోమి. అందులో వంకాయ పులుసు ఉడుకుతోంది, బొగ్గులా నల్లగా.

మంగ రెండు కంచాలు పెట్టింది. చేతులు నిలవక, గరిటెని రెండు చేతులతో పట్టుకుని వడ్డించింది. సగం కింద పడింది. తవిటమ్మ సాయం చెయ్యబోయి ఆగిపోయింది.

"ఎందుకమ్మకి నువ్వు అంతా సెప్పలేదు," అంది మంగ.

తవిటమ్మ కంచం దగ్గరకి లాక్కుంది.

"ఊరోళ్లు ఇనలేదన్నావు. ఊరి కంటే ముందు ఇననిది నాను. అప్పటికి పదిహేడేళ్లు నాకు. నల్లగా ఉన్నాదని కంచం తోసీసినాను. రెండు రోజులు అన్నం మానీసినాను. మూడో రోజు నువ్వు అటకెక్కి ఇత్తడి తపేలా దింపినావు. ఆ తరవాతే కదా ఊరికి సెప్పినావు."

"సిన్నపిల్లవే అప్పుడు. నీకేటి తెలుసు."

"నీకు మాత్రం ఏటి తెలుసు?"

తవిటమ్మకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే కలుపుకుంది. మంగ కూడా కంచం ముందు కూర్చుంది. ఒక ముద్ద పెట్టుకుని, మొహం వికారంగా పెట్టి, మింగింది.

"ఛీ, అలాగే ఉన్నాది," అంది.

"తిను," అంది తవిటమ్మ.

ఇద్దరూ కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు. మర్నాటితో మంగకి ఎనిమిదో నెల పడుతుంది.